నలభై జాకెట్లు

"పక్కింటి మంగాయమ్మగారు ఏమన్నారో తెలుసాండీ? ఈ బోటు కొత్తదేం కాదంట. ఇసుక మోసి మోసి మూలపడిన పడవకి రంగేసి, అద్దాలు బిగించి, ఏసీ పెట్టేరంట. ఆ అద్దాలు బిగించింది ఆవిడ మరిదేనంట!"

భవానీదేవి ఈ ముక్క నవ్వుతూ చెప్పింది. చెప్పేసరికి బోటు రేవు వదిలి నడి గౌతమిలో ఉంది.

గంగాధరరావు నవ్వలేదు. మనవరాలి పుట్టినరోజని భార్య ఫోన్లోనే టికెట్లు తీసేసింది. ఏ బోటో తను అడగనూ లేదు. ఇప్పుడు తలుపు మీది బోటు నంబరు రెండుసార్లు చదివాడు.

ఆరేళ్ళ దుర్గాశ్రీ అతని వేలు పట్టుకుంది. "తాతా, బోటు మునిగిపోద్దా?"

"లేదమ్మా. మంచి బోటు."

"నువ్వు చూశావా?"

గంగాధరరావు కిటికీ వైపు తిరిగాడు.

కాసేపటికి కాళ్ళ కింద చెక్కలు చెమ్మగిల్లాయి. ఎవరిదో కూల్‌డ్రింకు ఒలికిందనుకున్నారు. చెప్పులు తడిశాక ఎవరూ అలా అనుకోలేదు. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఏసీ ఆగింది. పాట ఆగింది. అసలే ఆటు వేళ. బోటు తనంతట తనే సముద్రం వైపు జారడం మొదలుపెట్టింది.

గంగాధరరావు పడుతూ లేస్తూ బోటు నడిపే సరంగు మాణిక్యం దగ్గరికి పోయాడు.

"లైఫ్ జాకెట్లు తియ్యవయ్యా! తొందరగా!"

మాణిక్యం బల్ల కిందనుంచి లాగాడు. పదకొండు తేలాయి. జనం ముప్పై ఆరు మంది.

"నలభై ఉండాలి కదయ్యా!"

"పర్మిషన్ కోసం ఫొటోలు తీసిన రోజున ఉన్నాయండి. తీసేక పక్క బోటు ఫొటోలకి పట్టుకెళ్ళిపోయేరు, ఆయ్."

గంగాధరరావు ఒకటి లాక్కొచ్చి మనవరాలికి తొడిగాడు. దానికి బకిలు లేదు. తన బెల్టు ఊడదీసి పిల్ల నడుం చుట్టూ బిగించాడు.

"మరీ ఇంత పిరికేంటండీ మీరు..." అనబోయిన భవానీదేవి కాళ్ళ కింద నీళ్ళు చూసింది. పిల్లని ఎత్తుకుని సీటెక్కి నిలబడింది.

వెనక వరసలోంచి మండపేట మిల్లు ఆసామి గొంతు చించుకున్నాడు. "ఏవయ్యా సరంగూ! ఈ డొక్కుని నీళ్ళలోకి దింపమన్న మహానుభావుడెవడు?"

"డొక్కంటారేంటండీ? కొత్త పాలసీలో పాసైన బోటండి ఇది. ఇదివరకట్లా కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడాల్లేవండి, అంతా ఫోనేనండి. తలుపు మీది కోడుని ఫోన్లో స్కాన్ కొట్టుకోండి, పచ్చ టిక్కు పడద్ది."

ఆసామి కొట్టాడు. పచ్చ టిక్కు పడింది. నీళ్ళు మడమలు దాటాయి.

"నీ టిక్కు తగలెయ్య! ఈ బోటెక్కి చూసిందెవరో చెప్పవయ్యా!"

మాణిక్యం నీళ్ళు తోడే బకెట్టు ఒకటి తెచ్చి గంగాధరరావు చేతిలో పెడుతూ అన్నాడు.

"స్వయంగా ఎక్కి చూసేనని గంగాధరరావుగారని ఎవరో ఆఫీసరు అందులో సంతకం పెట్టేరండి, ఆ బాబు మొహం మేమైతే ఇంతవరకూ చూళ్ళేదండి."