తెరుచుకోని రెండో పేజీ

"ఇదింకా తెరుచుకోదేమే?" అక్క టాబ్లెట్ మీద టకటకా కొట్టింది.

మ్యూజియంలో పిల్లలకు యుద్ధాల గురించి పాఠం చెప్పేది అక్క. ఆ పాఠానికి యాప్ తయారుచేసింది చెల్లెలు. తలుపవతల పిల్లలు అప్పుడే గోల మొదలెట్టేశారు.

యాప్‌లో ఆట ఇదీ: ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఎవరి గోడు వాళ్లు చెప్పుకోవాలి. ఇద్దరూ "విన్నాను" నొక్కితేనే రెండో పేజీ వస్తుంది. సరిచూడ్డానికి ఉత్తుత్తి తగువెందుకు, మనకున్నదే చాల్లే అంది అక్క. ఒకరినొకరు ఎడాపెడా అనుకున్నారు. పేజీ మాత్రం రాలేదు.

"ఏం నొక్కావక్కా?"

"'చెప్పాను' అని. నువ్వో?"

చెల్లెలు తన తెర వంక చూసుకుంది. తనూ అదే నొక్కింది. యాప్‌కి ఏ రోగమూ లేదు.

"సరే, ఈసారి వింటాను. నాన్న ఆపరేషన్ సంగతి నా దగ్గరెందుకు దాచావ్?"

"దాచమన్నది నాన్నే. చిన్నదాని ముందు ఏడవలేనన్నాడు. నా ముందైతే ఏడ్చాడు."

చెల్లెలు తెర వైపు వంగింది. నెమ్మదిగా "విన్నాను" నొక్కింది. అయినా పేజీ కదల్లేదు.

"ఛ! మళ్లీ ఆగిపోయింది. పిల్లలు వచ్చేస్తున్నారు!"

అక్క లేచి, తలుపు ఓరగా తీసి, పిల్లల్ని కాసేపు ఆగమంది. వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఆగిపోలేదే. నేనింకా నీది వినలేదుగా. చెప్పు."