కంచె చాటు బడి

గరాజ్ పక్క తలుపు మీద ఎవరో దబదబా కొట్టారు. శ్రీలేఖ చేతిలోని మార్కర్ ఆగిపోయింది. చాప మీద కూర్చున్న పిల్లలు బిగుసుకుపోయారు.

"ఆంటీ, డోర్ ఓపెన్ చేయాలా?" అంది అనుష్క.

"ష్. మాట్లాడకు."

భర్త ఉద్యోగం వల్ల వచ్చే హెచ్-ఫోర్ వీసా మీద ఉన్న మనిషి ఫీజు తీసుకుని పాఠాలు చెప్పకూడదు. పై వాళ్లకు తెలిసిందంటే శ్రీలేఖ ఈ ఫ్రిస్కో ఊరు కాదు, అమెరికానే వదలాలి.

మళ్లీ కొట్టారు. ఆమె తలుపు ఓరగా తీసింది. ఎదురింటి డాయల్. ఐరిష్ ముసలాయన. కొన్నాళ్లుగా కిటికీలోంచి ఇటే చూస్తున్నాడు.

"ఇక్కడ బడి నడుపుతున్నారు కదూ?" ఇంగ్లీషులో అడిగాడు.

"లేదండీ. బర్త్‌డే పార్టీ."

ఆయన ఆమె భుజం మీదుగా బోర్డు మీది భిన్నాల కేసి చూశాడు. "సిటీ ఆఫీసు నుంచి ఒకతను మా ఇంటికొచ్చాడు. మీ ఇంటి ముందు ఆగే కార్లు ఎవరివని అడిగాడు."

శ్రీలేఖ తలుపు పట్టుకుని నిలబడింది.

"ఊళ్లో ఇన్ని మంచి స్కూళ్లున్నాయి. పిల్లలకు కంప్యూటర్లు ఇస్తున్నారు. ఈ దొంగచాటు చదువెందుకు?"

"అక్కడ బెల్లు కొట్టగానే పాఠం మారిపోతుంది. అర్థంకాని వాళ్లు వెనకబడిపోతారు. వాళ్లే వీళ్లు."

డాయల్ చాప మీది పిల్లల కేసి చూశాడు.

"ఐర్లండ్‌లో మూడువందల ఏళ్ల కింద, ఇంగ్లీషువాళ్ల పాలనలో, మా క్యాథలిక్ పిల్లలకు చదువు చెప్పడం నేరం," అన్నాడు. "పల్లెల్లో ముళ్లకంచెల చాటున చెప్పేవాళ్లు. సైనికులొస్తారేమోనని ఒకరు కాపలా కాసేవాళ్లు. మా ఊరి పంతులుగారు దొరికిపోయారు. ఓడెక్కించి దేశం దాటించారు. మళ్లీ ఎవరికీ కనబడలేదు."

శ్రీలేఖ గుమ్మం బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. "సిటీ అతనికి ఏం చెప్పారు?"

"పిల్లలు నా దగ్గర చెస్ నేర్చుకోవడానికి వస్తున్నారని చెప్పాను. రేపట్నుంచి కార్లు మా ఇంటి ముందు డ్రైవ్‌వేలో పెట్టించండి."

ఆమె కళ్లు తుడుచుకుంది.

"మీ పెద్దవాళ్లు ఆ పంతులుగారి దగ్గరే చదువుకున్నారా?"

"లేదమ్మా," అన్నాడు డాయల్, నేల చూపులు చూస్తూ. "ఆయన్ని సైనికులకు పట్టిచ్చింది మావాళ్లే."