పైనుంచి కిందికి, మెల్లగా

సీసా అడుగు కూడా తడవలేదు.

తేన్మొళి దాన్ని కొంగు చాటున పెట్టుకుని, పాలు పిండే గది గుమ్మంలోకి వచ్చింది. వరండాలో నిలబడ్డ మొగుడికి చూపించలేదు. చూపించకపోయినా చంద్రన్‌కి తెలిసిపోయింది.

పక్కనే అద్దాల గదిలో, వైర్ల మధ్య, వాళ్ల కూతురుంది. ఏం తొందరొచ్చిందో ఏమో, ఏడో నెలలోనే పుట్టేసింది.

"తల్లిపాలు వస్తే ఈరోజే ట్యూబులో మొదలుపెడదాం. ఆ లేత పేగులకి అవే మంచివి" అని పొద్దున డాక్టరమ్మ చెప్పి వెళ్లింది.

పాపం ప్రీతి సిస్టర్ చెయ్యనిది లేదు. వేడినీళ్లలో పిండిన తువ్వాలు వేసింది. కళ్లు మూసుకుని ఊపిరి మెల్లగా వదలమంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టి వీణ వినిపించింది. ఫోన్లో బిడ్డ ఫోటో చూస్తూ పిండమంది. ఆ ముక్కులో గొట్టం చూడగానే తేన్మొళి భుజాలు ఇంకా బిగుసుకుపోయాయి.

"నీకు పాలు లేక కాదు తేన్మొళీ. భయానికి దిగడం లేదు. ఎవరన్నా వీపు రుద్దితే ఒళ్లు వదులవుతుంది. మీ అమ్మని రమ్మను, నేర్పిస్తాను" అంది సిస్టర్.

తేన్మొళికి అమ్మ లేదు. అత్త ఒర్లియంపేట ఇంట్లో మోకాళ్ల నొప్పులతో మంచం దిగడం లేదు.

చంద్రన్ గుమ్మం దగ్గరికి జరిగాడు.

"నాకు చూపించండి సిస్టర్."

వరండా బెంచీ మీదున్న శిలంబరసన్ గట్టిగా నవ్వాడు. మురుంగపాక్కం మనిషి. ఆయన కొడుకూ ఆ అద్దాల గదిలోనే ఉన్నాడు. అయినా సరే, వచ్చినప్పటినుంచి బెంచీ మీది తండ్రులందరినీ నవ్వించే పని ఆయనే నెత్తిన వేసుకున్నాడు.

"తట్టాంచావడి ఫ్యాక్టరీలో ఇనుము చెక్కే చేతులు తమ్ముడా నీవి. నీ పెళ్లాం వీపు కూడా చెక్కేస్తావు."

బెంచీ అంతా నవ్వింది. చంద్రన్ కూడా నవ్వాడు గానీ, అక్కణ్ణించి కదల్లేదు.

సిస్టర్ ఇబ్బందిగా లోపలికి చూసింది. "నేర్పించేదానికేం. కానీ లోపల మిగతా తల్లులున్నారు. మగవాళ్లని రానివ్వం. వేరే గది కూడా లేదు."

"వదిలెయ్ సిస్టర్" అంది తేన్మొళి. "నువ్వు పోయ్యా పనికి."

అప్పుడు లోపల స్టూలు నేల మీద గీసుకున్న చప్పుడైంది.

శిలంబరసన్ భార్య కనగం. ఆపరేషన్ కుట్లు ఇంకా ఆరలేదు, వంగితే ప్రాణం పోతుంది. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, రెండో చేత్తో తన స్టూలు గోడవైపు తిప్పుకుంది. కొంగు నిండా కప్పుకుని, గోడకి ఎదురుగా కూర్చుంది.

పక్కనున్న చిన్న వయసు తల్లి ఆమెని చూసి తన స్టూలూ తిప్పుకుంది. ఆ తర్వాత ఇంకొకామె. గదిలో ఉన్నవాళ్లంతా గోడవైపు తిరిగిపోయారు.

"రమ్మను సిస్టర్, ఆ అబ్బిని" అంది కనగం, వెనక్కి తిరక్కుండానే. "మేం యాడికీ చూడంలే. ఆయన్ని కూడా చూడొద్దను."

వాళ్లందరికీ దణ్ణం పెట్టాలనిపించింది చంద్రన్‌కి. ఎవరూ ఇటు చూడటం లేదు, పెట్టినా ఎవరికి పెట్టినట్టు.

తల వంచుకుని, నేల చూసుకుంటూ వెళ్లాడు. తేన్మొళి రొమ్ముల కింద సీసా ఒళ్లో పెట్టుకుని, బల్ల మీద చేతులు మడిచి తల ఆనించింది. వెన్నెముకకి ఇటూ అటూ రెండు బొటనవేళ్లు ఎలా ఆనించాలో, చిన్న చిన్న సున్నాలు చుట్టుకుంటూ ఎలా దించాలో సిస్టర్ చూపించింది.

ఆ వీపు చెక్కలా ఉంది. ఇంత బరువు ఇక్కడ పెట్టుకుని తన ముందు రోజూ నవ్విందా అనుకున్నాడు చంద్రన్.

"రాలేదయ్యా. ఇంకా రాలేదు."

"సీసా చూడబాకు."

"మరేంది చూసేది?"

చంద్రన్ ఇంటి సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. "నిన్న రసం పెట్టినా. ఉప్పు మరిచిపోయినా. అమ్మ మాట్లాడకుండా తాగేసింది."

"అత్తా? ఒక్క మాటా అనలేదా?"

"నేను లోటా కడిగి బోర్లించినాక అనింది. వేడినీళ్లు బాగుండాయిరా అని."

గోడ దగ్గర ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. చంద్రన్ వేళ్ల కింద తేన్మొళి వీపు కూడా కదిలింది. ఆ నవ్వుతోనే భుజాలు దిగాయి.

కాసేపటికి సిస్టర్ సీసా పైకెత్తింది. అడుగున పసుప్పచ్చగా, చిక్కగా పాలున్నాయి.

"చాలమ్మా. బిడ్డకి ఈ పూటకి ఇవి చాలు" అని అటునుంచి అటే అద్దాల గదిలోకి వెళ్లిపోయింది.

తేన్మొళి బల్ల మీద తల ఎత్తకుండానే చెయ్యి వెనక్కి చాపి, మొగుడి చెయ్యి పట్టుకుంది.

చంద్రన్ బయటికొచ్చేసరికి శిలంబరసన్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"వచ్చినాయా?"

"వచ్చినాయన్నా."

ఈసారి ఆయన వేళాకోళం ఆడలేదు.

"కనగానికీ సరిగా వచ్చేది లేదు. నాతో చెప్పదు. నాకూ చూపీ తమ్ముడా."

అటు తిరిగి, గోడకి రెండు చేతులూ ఆనించి తల వంచాడు. చొక్కా మీదే ఆయన మెడ కింద చంద్రన్ బొటనవేళ్లు పెట్టాడు.

"ఇట్ల అన్నా. పైనుంచి కిందికి. మెల్లగా."

"సరి, సరి. దీనికేం, మా ఊర్లో ఎద్దులకి కూడా..." అని ఏదో మొదలుపెట్టి, శిలంబరసన్ సగంలో ఆగిపోయాడు.

చొక్కా కింద ఆ వీపు వణకడం మొదలైంది.

బెంచీ మీదివాళ్లు ఒక్కొక్కరే ఫోన్లలోకి తల దించుకున్నారు.

నడుం దాకా వచ్చిన వేళ్లని తీసి, చంద్రన్ మళ్లీ మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు.