మొతాలెబ్ బతకాలి

మొతాలెబ్ తన్నిన తన్నుకు డాక్టర్ రౌషనారా వెళ్లి గోడకు కొట్టుకుంది.

"డాక్టర్ ఆపాని, అక్కలాంటి మనిషిని తంతావురా!" వార్డరు లాఠీతో అతని మోకాలి మీద ఒక్కటిచ్చాడు. ఇంకో ఇద్దరు భుజాలు మంచానికి అదిమి పట్టారు.

"కొట్టకండి!" అరిచింది రౌషనారా. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. ఆ జైలు ఆసుపత్రిలో ఆమెకిది రెండో రోజు.

మొతాలెబ్ భళ్లున వాంతి చేసుకున్నాడు. పచ్చటి పసరు, మలం కంపు. పొట్ట డోలులా ఉబ్బి ఉంది.

"మూడు రోజులుగా ఇదే నాటకం ఆపా," అన్నాడు వార్డరు.

"కింద నుంచి గాలి పోతోందా?"

"అదీ లేదు, ఇదీ లేదు ఆపా," అంటూ వార్డర్లు కిసుక్కున నవ్వారు.

"నోళ్లు ముయ్యండి! విరేచనం లేదు, గాలీ లేదు. ఇది నాటకమా?"

పొట్ట మీద స్టెతస్కోపు ఆనించింది. రేకు మీద చినుకులు పడుతున్నట్టు చప్పుడు. పేగు పెనుగులాడుతోంది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

నిలబెట్టి ఎక్స్‌రే తీయించింది. పైన గాలి, కింద నీళ్లు, మెట్లు మెట్లుగా గీతలు.

"పేగు మూసుకుపోయింది. ఏం మింగావు బాబూ?"

"నన్ను చావనివ్వు ఆపా. అల్లా నిన్ను చల్లగా చూస్తాడు."

"నా చేతుల్లో ఎవర్నీ చావనివ్వను."

జైలరు ఖొందకార్ పరుగున వచ్చాడు. వస్తూనే వార్డరు చెంప పగలగొట్టాడు. "మూడు రోజులు ఏం చేశావురా గాడిదా? ఆపా, ఎంత ఖర్చయినా సరే. వీడు బతకాలి!"

ఖైదీ కోసం ఇంత తల్లడిల్లే జైలర్ని ఆమె ఎక్కడా చూడలేదు.

మత్తు ఎక్కేదాకా మొతాలెబ్ కరిచాడు, రక్కాడు. పొట్ట కోసి చూస్తే పేగులో ముడిపడ్డ కంబళి పీలికలు. జానెడు పేగు నల్లబడిపోయింది. రౌషనారా దాన్ని కోసేసి, మిగతాది కలిపి కుట్టింది.

నాలుగో రోజు, "గాలి పోయింది ఆపా," అని సిగ్గుపడుతూ చెప్పాడు మొతాలెబ్.

పన్నెండో రోజు ఇలీష్ చేప పులుసుతో అన్నం తిన్నాడు. వేళ్లు నాకుతూ, "ఇంకాస్త పెట్టించు ఆపా. ఎందుకో బతకాలనిపిస్తోంది," అన్నాడు.

ఆమె ఇంకో గరిటెడు పెట్టించింది.

ఖొందకార్ వచ్చి సలాం చేశాడు. "నా పరువు నిలబెట్టారు ఆపా. ఇక్కడో చిన్న సంతకం."

రౌషనారా నవ్వుతూ కలం తీసి కాగితం చదివింది: "ఖైదీ మొతాలెబ్‌ను శుక్రవారం ఉరి తీయడానికి అతని ఆరోగ్యం అన్నివిధాలా అనుకూలంగా ఉంది."