మామూలు మనిషి

"ఆపు, ఆపు! ఏటిరా ఆ కూర్చోడం?"

ఉమాశంకర్ స్క్రిప్టు బల్ల మీద విసిరికొట్టాడు.

ఆఖరి సీను. మళ్ళీ అక్కడే ఆగింది.

అంతవరకూ వినోద్ చక్కగా చేస్తున్నాడు. తప్పెటగుళ్ళ పిచ్చి పట్టిన కుర్రాడి పాత్ర అతనిది. గుండ్రటి రేకు తప్పెటని ఛాతీకి కట్టుకుని, రెండు అరచేతులతో మోగిస్తూ, తిండీ నిద్రా మాని ఊళ్ళమ్మట తిరుగుతాడు. తన తప్పెట వింటేనే గంగమ్మ వాన కురిపిస్తుందని వాడి నమ్మకం.

వాణ్ణి మామూలు మనిషిని చేసే డాక్టరమ్మగా అనూరాధ వేస్తోంది. వైద్యం చేస్తూ చేస్తూ డాక్టరమ్మకే అనుమానం వస్తుంది.

"నేను జబ్బుని తీస్తున్నానా, మనిషినే తీసేస్తున్నానా?"

మంచి డైలాగు. రిహార్సల్లోనే చప్పట్లు పడుతున్నాయి.

చిక్కంతా జబ్బు నయమయ్యాక వచ్చే ఆఖరి సీనుతోనే. అందులో ఒక్క మాట కూడా లేదు. మామూలు మనిషిలా బెంచీ మీద కూర్చోవాలి, అంతే.

"పిచ్చోడిలాగ సెయ్యమంటే సేస్తాను సారూ. ఏ పిచ్చీ లేనోడు ఎలాగుంటాడో నాకేటి తెలుస్తాది?" అన్నాడు వినోద్.

నిజమే మరి. ఎవరికి తెలుసు గనక!

బొబ్బిలిలో పోటీలు ఆదివారమే. ఏటా రెండో బహుమతితో ఇంటికొచ్చే ఉమాశంకర్, ఈసారీ మొదటిది రాకపోతే నాటకాలు మానేస్తానని భార్య దగ్గర ఒట్టు పెట్టాడు. ఒట్టు పెట్టినప్పట్నుంచీ అతనికి నిద్ర లేదు.

అంతలో అతని చూపు హాలు చివర కూర్చున్న మనిషి మీద పడింది.

ఈ మధ్య రోజూ వస్తున్నాడు. ఎవరో ఏమిటో ఎవరూ అడగలేదు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల. మోకాళ్ళ మీద రెండు చేతులూ బోర్లించి కూర్చుంటాడు. ఉలకడు, పలకడు. ఎంత మంచి డైలాగు చెప్పినా చెవిటివాడి ముందు శంఖమే.

"అదిగో, ఆయన్ని సూడు. తింటాడు, తొంగుంటాడు. మరే గొడవా లేదు. మామూలు మనిషంటే అదీ! అచ్చం అలాగే కూర్చో."

అందరూ పకపకా నవ్వారు. ఆ మనిషి నవ్వలేదు.

వినోద్ ఆయన్నే కాసేపు చూసి, బెంచీ మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లించాడు.

నవ్వులు ఆగిపోయాయి. అనూరాధ కళ్ళు తుడుచుకుంది.

"అబ్బ! పడిందిరా సీను!" అని ఉమాశంకర్ ఎగిరి గంతేశాడు.

అందరూ టీకి బయటికెళ్ళారు. ఉమాశంకర్ ముందుగా తిరిగొచ్చాడు. చూస్తే ఆ మనిషి స్టేజీ పక్కన, తప్పెట ఉన్న బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"బాబూ, ఒక్కపాలి కట్టుకుంటాను."

ఆయన గొంతు వినడం అదే మొదలు. తప్పెట వైపు చెయ్యి చాచాడు.

ఉమాశంకర్ పరుగున వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. తప్పెట అడిగి తెచ్చుకున్న వస్తువు. పోటీల ముందు సొట్ట పడిందంటే ఇంకేముంది!

"ఒద్దొద్దు! నీ సెయ్యి పడితే పాడైపోద్ది. వాయించడం వచ్చినోళ్ళ వస్తువయ్యా ఇది, నీకెందుకు? యెళ్ళు, యెళ్ళు."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. సరేనన్నట్టు తలూపి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి రాలేదు.

వచ్చిన సంగతి పట్టించుకోనట్టే, రాని సంగతీ ఎవరూ పట్టించుకోలేదు.

బొబ్బిలిలో మొదటి బహుమతి వాళ్ళదే. ఆఖరి సీనుకి జనం చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయారు.

మర్నాడు ఉమాశంకర్ తప్పెట తిరిగిచ్చెయ్యడానికి గరివిడి పక్క పల్లెలో దేముడమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆవిడ తన తమ్ముడి గురించి చెప్పుకుని ఏడిస్తే, ఆ కథనే అతను నాటకంగా రాశాడు. ఆ తమ్ముణ్ణి మాత్రం చూడలేదు. వెళ్ళినప్పుడల్లా పొలంలో ఉండేవాడు.

"గెలిసినారా బాబూ? సల్లగుండండి." దేముడమ్మ తప్పెటని కొంగుతో తుడిచింది.

"మీ తమ్ముడు బాగున్నాడామ్మా?"

"బాగున్నాడు బాబూ. తింటాడు, తొంగుంటాడు. మరే గొడవా నేదు."

ఎక్కడో విన్న మాటలా అనిపించింది ఉమాశంకర్‌కి.

"డాట్రుబాబు ఓ మాట సెప్పినాడు. 'ఆడంతట ఆడే తప్పెట అడిగిన రోజున కాదనకుండా ఇయ్యమ్మా, మీ తమ్ముడు తిరిగొచ్చినట్టే' అన్నాడు. అందుకే గదా ఇది మీకిచ్చినాను! మీ కాడ మోగితే ఇని అడుగుతాడేటోనని రోజూ నానే ఆణ్ణి మీ కాడికి తోలీదాన్ని."

ఆవిడ నిట్టూర్చింది.

"నానూ ఎదురు సూస్తనే ఉన్నాను. ఇంతవరకూ ఒక్కపాలీ అడగనేదు."



లోపల్నుంచి ఆ మనిషే వచ్చాడు. ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన తల. అరుగు మీద కూర్చుని, మోకాళ్ళ మీద రెండు చేతులూ బోర్లించాడు.

"మా సోములు" అంది దేముడమ్మ.

ఉమాశంకర్ ఆవిడ చేతిలోని తప్పెట లాక్కున్నంత పని చేసి, ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్ళల్లో నీళ్ళు ఆగడం లేదు.

"కట్టుకో అన్నా. ఇది నీదే. ఒక్కసారి కట్టుకో."

సోములు తప్పెట వైపు చూశాడు. చేతులు మోకాళ్ళ మీద నుంచి కదల్లేదు.

"ఒద్దు బాబూ, నా సెయ్యి పడితే పాడైపోద్ది."