పదిహేను రోజుల రిపేరు

“బాగుచెయ్యి తమ్ముడూ. కాని మరీ బాగా చెయ్యకు.”

మెకానిక్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆ కొట్లో ఫ్యాన్లూ మోటార్లూ బాగుచేస్తున్నాడు. త్వరగా చెయ్యమని ప్రాణం తీసినవాళ్ళున్నారు గానీ, పాడుగా చెయ్యమని బతిమాలిన మనిషి మాత్రం ఈవిడే.

“అదేంటక్కా?”

“పదిహేను రోజులు తిరిగి ఆగిపోవాలి. మళ్ళీ మా ఆయన నీ దగ్గరికి మోసుకురావాలి.”

బల్లమీద బోర్లా ఉన్న టేబుల్ ఫ్యాను ముందురోజు ఆమె భర్త తెచ్చిచ్చిందే. రిటైరైన బస్సు కండక్టరు. లోపల తీగ ఒకటి ఊడింది, అంతే.

“నిన్న నీ కొట్లో రెండు గంటలు కూర్చున్నారటగా,” అందామె. “పాత సామాను గట్టిదా, కొత్త సామాను గట్టిదా అని నీతో పోట్లాడారట. నువ్వేమన్నావో, తనేమన్నారో, భోజనం చేస్తూ అన్నీ నాకు చెప్పారు. ముప్పై ఏళ్ళు రోజుకి వెయ్యిమందితో మాట్లాడిన నోరు తమ్ముడూ అది. ఉద్యోగం అయిపోయిన దగ్గర్నుంచి ఏడు నెలలుగా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ‘ఊఁ’, ‘ఉహూఁ’ తప్ప మూడోమాట లేదు. బయటికెళ్ళి రమ్మంటే వెళ్ళరు. ఆ ఫ్యాను ఆగితే మాత్రం చెప్పులేసుకున్నారు.”

“నేను ముట్టుకున్నది పదిహేను రోజుల్లో ఆగిపోతే నా పేరేం కాను? నలుగురూ నవ్వరూ?”

“నవ్వుతారు,” అని ఒప్పుకుంది. అయినా లేవలేదు.

మెకానిక్ కాసేపు తల గోక్కున్నాడు. ఆఖరికి ఫ్యాను అడుగుపలక ఆమెవైపు తిప్పాడు. “చేతులారా పాడుచెయ్యలేనక్కా, నావల్ల కాదు. మీరే చేసుకోండి. ముందు ప్లగ్గు తీసెయ్యాలి, మర్చిపోకండి. ఈ రెండు స్క్రూలూ విప్పితే ఇదిగో, ఈ ఎర్రతీగ. దీన్ని మాత్రమే లాగండి. ఇంకోదాని జోలికెళ్ళారో, మోటారు కాలుతుంది.”

ఆమె బళ్ళో పాఠం విన్నట్టు విని, ఎర్రతీగ, ఎర్రతీగ అనుకుంటూ వెళ్ళిపోయింది.

అది మొదలు రెండు వారాలకోసారి కండక్టరు ఫ్యాను చంకన పెట్టుకుని దిగేవాడు. స్టూలు లాక్కుని కూర్చోవడం, కబుర్ల మూట విప్పడం.

“ఇది మా పెళ్ళప్పటిదయ్యా! రెక్కలు చూడు, ఇనుము. ఇప్పటివాటి ముందు గట్టిగా తుమ్మితే విరుగుతాయి. మొన్న మా పక్కింటివాళ్ళు కొత్త మిక్సీ కొన్నారు. గ్యారంటీ కాగితం ఇంకా మడత నలగలేదు, మిక్సీ మూలపడింది!”

“అంత గట్టి ఫ్యాను నెలకి రెండుసార్లు నా కొట్టుకెందుకొస్తుంది కండక్టరుగారూ?”

“అలక! కాపురానికొచ్చి ముప్పై ఆరేళ్ళయినా అలగకూడదా?”

ఒకసారి చిల్లర కోసం కొట్టుకున్న ఇద్దరు ప్రయాణికుల కథ చెప్పాడు. ఒకసారి బస్సులోనే పుట్టిన పిల్లకి పేరు పెట్టమని తననడిగితే కంగారులో ఊరి పేరు చెప్పేసిన కథ. టీ కొట్టతను గ్లాసులతోసహా వచ్చి నిలబడేవాడు. పక్క కొట్టు దర్జీ మాత్రం కత్తెర ఆడిస్తూ అనేవాడు, “ఏంటి మావా, నీ చెయ్యి పడితే పదిహేను రోజులే ఆయుష్షా?” మెకానిక్‌కి గొంతుదాకా వచ్చేది మాట. మింగేసేవాడు.

ప్రతిసారీ అదే ఎర్రతీగ. ప్రతిసారీ టంకం పెట్టి అతికించి ఇచ్చేవాడు. నాలుగైదుసార్లయ్యాక గమనించాడు, ఆమె స్క్రూలు తనకంటే శుభ్రంగా బిగిస్తోంది.

ఏడాది తిరిగింది. ఆ తర్వాత ఉన్నట్టుండి కండక్టరు రావడం మానేశాడు. రెండు వారాలు, మూడు, నెల.

“నీ చెయ్యి కుదిరినట్టుంది మావా, ఫ్యాను ఆగట్లేదు,” అన్నాడు దర్జీ. మెకానిక్‌కి సంతోషం కలగలేదు. మధ్యాహ్నమయ్యేసరికి కళ్ళు సందు మొగవైపు పోయేవి. ఒకరోజు తాళంవేసి వాళ్ళింటికి వెళ్ళొద్దామనుకున్నాడు గానీ ఇల్లెక్కడో ఎప్పుడూ అడగలేదని అప్పుడు తట్టింది.

నలభయ్యో రోజున కండక్టరు వచ్చాడు. చంకన ఫ్యాను. ఆ రెక్కల్ని చూడగానే మెకానిక్ ప్రాణం లేచొచ్చింది.

“రండి రండి! అలక తీరలేదన్నమాట! ఏమోయ్, టీ!” అని కేకేశాడు. “మీరు లేక ఈ దర్జీ కొత్త సామానే గట్టిదంటూ రెచ్చిపోతున్నాడు. కాస్త బుద్ధి చెప్పండి.”

కండక్టరు స్టూలు లాక్కోలేదు. మెకానిక్ జరిపితే కూర్చున్నాడు. టీ వచ్చింది, చేతిలో పట్టుకున్నాడు. గడ్డం మాసి ఉంది. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. దర్జీ కత్తెర ఆపి చూశాడు.

“ప్రయాణం చేసొచ్చారా, అలసిపోయినట్టున్నారు,” అంటూ మెకానిక్ ఫ్యాను బోర్లించి, రెండు స్క్రూలూ విప్పి, టంకం కాడ వేడికి పెట్టి లోపలికి చూశాడు.

ఎర్రతీగ ఉన్నచోటే ఉంది. క్రితంసారి తను పెట్టిన టంకం మెరుస్తోంది. పట్టుకు లాగాడు, కదల్లేదు. ప్లగ్గు పెట్టి మీట నొక్కాడు. రెక్కలు గిర్రున తిరిగాయి. బల్లమీది కాగితాలు లేచి కండక్టరు కాళ్ళ దగ్గర పడ్డాయి.

“దీనికేం కాలేదండీ,” అన్నాడు మెకానిక్ అయోమయంగా. “తీగ ఊడలేదు.”

“ఇంక ఊడదయ్యా,” అన్నాడు కండక్టరు, తిరిగే రెక్కలకేసి చూస్తూ. “ఊడదీసే మనిషి పోయి పాతికరోజులైంది.”