నూట అయిదో కాగితం

కాగితం సగం దాకా వెళ్ళి ఆగిపోయింది.

స్టోర్ కీపర్ అటూ ఇటూ చూసింది. గేటు దగ్గర ఎవరూ లేరు. నడుముకు దోపుకున్న తాళాల గుత్తి తీసి, అందులో అన్నిటికన్నా చిన్న తాళంచెవితో ఆ కాగితాన్ని సలహాల పెట్టె సందులోకి నెట్టింది. ఎలాగో లోపలికి పోయింది.

పెట్టె నిండినట్టుంది. 'ఇన్నాళ్ళకి మిగతావాళ్ళు కూడా రాస్తున్నారన్నమాట' అనుకుంది. పోటీ పెరిగిందని కాస్త దిగులు కూడా వేసింది.

అది నీళ్ళ మోటార్లు తయారుచేసే ఫ్యాక్టరీ. బోల్టు కావాలన్నా, బేరింగు కావాలన్నా, చేతి తొడుగులు చిరిగిపోయినా అందరూ 'స్టోరక్కా' అంటూ ఆమె కిటికీ దగ్గరికి రావలసిందే. తొమ్మిదేళ్ళుగా ఆమె ఆ కిటికీ వెనకే ఉంది. కూర్చున్న కుర్చీలోనే జుట్టు సగం తెల్లబడింది.

ఆమె ఊరికే కూర్చున్న మనిషి కాదు. చేరిన కొత్తలోనే, ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోరని గ్రహించింది. తనే పూనుకుంది. సాయంత్రాలు కంప్యూటరు నేర్చుకుంది. దూరవిద్యలో డిప్లొమా కట్టి, రెండో దండయాత్రలో పాసయింది. నెలకొక సలహా రాసి పెట్టెలో వేసింది. బేరింగుల రాక్ చెమ్మ గోడకి ఆనుకుని ఉండడం వల్ల తుప్పు పడుతున్నాయని ఒకసారి. చేతి తొడుగులు మెషిన్ల దగ్గరే ఉంచితే రోజుకో గంట కలిసొస్తుందని ఇంకోసారి. ప్రతి దాని కిందా పేరు, సంతకం, 'అవకాశమిస్తే బాధ్యత తీసుకోగలను' అని ఒక ముక్క.

నూట నాలుగు రాసింది. ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు.

మేనేజరు గది తలుపు తట్టింది మాత్రం ఒక్కసారే.

"చూడండమ్మా, ఏదైనా ఉంటే పెట్టెలో వెయ్యండి. అందరూ గదిలోకొచ్చి చెప్తుంటే నేనిక పని చేసినట్టే! నా టేబుల్ మీదకొచ్చిన ప్రతి కాగితం నేను చదువుతాను," అన్నాడాయన.

ఆ మాట పట్టుకుని మరీ శ్రద్ధగా రాయడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే అత్తగారు అడిగింది. "ఇవాళ కూడా వేసొచ్చావా?"

"వేశాను అత్తయ్యా. స్టోర్స్ ఆఫీసరు పోస్టు ఖాళీ అయింది. అది నాకిస్తే స్టోరుని ఎలా నడుపుతానో రెండు వైపులా రాశాను. ఇదే ఆఖరు. ఇది కూడా రాకపోతే ఇక నా వల్ల కాదు."

"ఆ పెట్టెకి రాసినన్ని ఉత్తరాలు మీ మావయ్య నాకు రాసుంటే, ఆయన మీద నాకు కోపమే ఉండేది కాదు కదే!" అంటూ అత్తగారు ఆమె చేతిలో టీ గ్లాసు పెట్టింది. "వస్తుందిలే. తాగు."

రాలేదు.

తర్వాతి సోమవారం అందరినీ షెడ్డులో నిలబెట్టి మేనేజరు చెప్పాడు. "ఆఫీసరు పోస్టు ఇక్కడివాళ్ళకే ఇద్దామని ఎంతో అనుకున్నాను. కానీ ఎలా ఇవ్వను? నేనొచ్చి నాలుగేళ్ళయింది. ఆ పెట్టెలోంచి నా టేబుల్ మీదకి ఒక్కటంటే ఒక్క కాగితం రాలేదు. మనిషికి చొరవ ఉండాలి కదండీ. బయటి నుంచి ఒకాయన వస్తున్నారు."

స్టోరక్క ఆఫీసు గదుల వైపు చూసింది. అంటే మధ్యలో ఎవరో తన కాగితాలు తొక్కిపెట్టారు. టైపిస్టా? అటెండరా? ఎవరివైతేనేం, ఆ చేతులు పడిపోను అని మనసులో తిట్టుకుంది. ముందుకెళ్ళి నాలుగు మాటలు అడిగేద్దామనుకుంది. నూట అయిదు సార్లు చెప్పుకున్నదాన్ని మళ్ళీ మొదట్నించీ చెప్పే ఓపిక లేకపోయింది.

మధ్యాహ్నానికి రాజీనామా రాసిచ్చింది. మేనేజరు టేబుల్ మీదకి చేరిన ఆమె మొదటి కాగితం అదే. ఆయన అది శ్రద్ధగా చదివి సంతకం పెట్టాడు.

నెల తిరిగింది. ఆఖరి రోజున ప్యాకింగు సెక్షనులో పనిచేసే ఆమెకి స్టోరు అప్పగించమన్నారు. సొరుగు అడుగున తాళాల పాత జాబితా దొరికింది. తొమ్మిదేళ్ళ కిందట పాత స్టోర్ కీపర్ తనకి అప్పగించినప్పటిది. ఆ రోజు ఆయనకి బస్సు టైమైపోతోంది. "ఇక్కడో సంతకం పడెయ్యమ్మా," అన్నాడు. పడేసింది.

కొత్తామె జాబితా చదువుతుంటే, స్టోరక్క గుత్తిలోంచి ఒక్కొక్క తాళంచెవి తీసి టేబుల్ మీద పెట్టింది. ఒకటి, మెయిన్ షట్టరు. రెండు, బేరింగుల బీరువా. అలా పదమూడు, పెయింటు గది.

"అంతేనమ్మా. ఇక నీదే రాజ్యం," అంది స్టోరక్క, సంచీ భుజాన వేసుకుంటూ.

"ఇంకోటి మిగిలిందక్కా. ఈ చిన్నది."

"అదా? దేనిదో నాకూ తెలీదు. అట్టపెట్టెల టేపు కొయ్యడానికి మాత్రం భలే పనికొస్తుంది. ఉంచుకో."

"ఆగక్కా, వెనక కూడా ఏదో రాసుంది," అంటూ కొత్తామె కాగితం తిప్పి చదివింది. "పద్నాలుగు, గేటు దగ్గరి సలహాల పెట్టె తాళంచెవి: ప్రతి నెలా స్టోర్ కీపరే పెట్టె తెరిచి, అందులోని కాగితాలు మేనేజరు గారికి అందజేయవలెను."